ఇరవై దాకా

జులై 2

కోడలుపిల్లా,

ఫోన్లో నువ్వు ఎవరినీ వాక్యం పూర్తి చెయ్యనివ్వవు కాబట్టి ఇక ఉత్తరాలే రాసుకుందామని మనం పెట్టుకున్న ఒప్పందంలో మొదటి వంతు నాది. కాగితానికి అడ్డు తగలడం నీ వల్ల కాదు. నచ్చినా నచ్చకపోయినా చివరిదాకా చదివి తీరాలి. మేనత్తకు ఇంతకంటే సుఖమేముంది?

కొత్త ఉద్యోగంలో చేరి పది రోజులైంది. మూడేళ్లు దాటి అయిదేళ్లు నిండని పిల్లలు ఇరవై ఇద్దరు. వాళ్లకు స్పానిష్ నేర్పాలి. అక్షరాలు లేవు, పుస్తకాలు లేవు. పాట, ఆట, బొమ్మలు, చేతి సైగలు, అంతే. తరగతి తలుపు పక్కన మేకుకు ఒక పసుపుపచ్చ ఏప్రన్ వేలాడుతూ ఉంటుంది. అది కట్టుకున్న క్షణం నుంచి నాకు స్పానిష్ తప్ప మరో భాష తెలియదు. ఈ పద్ధతికి అదే ప్రాణం. ఇంటి భాషలో అడిగితే పని జరిగిపోతుందని తెలిసిన పిల్ల కొత్త భాష జోలికి ఎందుకు వస్తుంది? దాహమేస్తే "అగ్వా" అనాలి. ఇంటి భాషలో నీళ్లు అడిగితే నేను కళ్లార్పుతూ నిలబడతాను. మూడో రోజుకే సగం మంది "అగ్వా" అన్నారు.

మిగతా సగం మందికి నా మీద జాలి కలిగింది. ఒకడు నాకు చెవుడనుకొని అరిచి మాట్లాడతాడు. ఇంకొకతె నన్ను కూర్చోబెట్టి మన భాష నేర్పుతోంది. కుర్చీ మీద చెయ్యేసి, "కుర్చీ. అను. కు-ర్చీ" అంటుంది. నేను అనలేకపోతే తల పట్టుకుంటుంది. నా జన్మలో ఇంత మొద్దు విద్యార్థిననిపించుకోలేదు.

ఒక్కటే ఇబ్బంది. ప్రిన్సిపాల్ గారు తల్లిదండ్రుల సమావేశంలో నన్ను పక్కన నిలబెట్టి, ఈవిడకు మన భాష ఒక్క ముక్క రాదని చెప్పేశారు. నేను నవ్వుతూ నిలబడ్డాను. దాంతో ఏప్రన్ విప్పాక కూడా మూగనే: గేటు దగ్గర, వరండాలో, మెట్ల మీద. తల్లులు నా ఎదురుగానే నా చీర గురించి మాట్లాడుకుంటున్నారు. ప్రిన్సిపాల్ గారు కాక సంగతి తెలిసింది ఆయాకొక్కతెకే. మోకాలు బల్లకు కొట్టుకుని నేను మన భాషలో తిట్టుకున్న తిట్టు వినేసింది. పడీ పడీ నవ్వింది కాని ఎవరికీ చెప్పలేదు.

మా అన్నయ్యకు, అంటే మీ నాన్నకు, నేను బాగున్నానని చెప్పు. మిగతాది చెప్పకు.

మొద్దు విద్యార్థి,
చిన్నత్త

*

జులై 11

చిన్నత్తకు,

నీ పసుపుపచ్చ ఏప్రన్ మీద నాకు మూడు అభ్యంతరాలున్నాయి. రెండే రాస్తాను, ఒకటి దాచుకోవడం వాదించేవాళ్ల అలవాటు.

మొదటిది: నువ్వు నేర్పుతున్నది భాష కాదు, అధికారం. ఎవరి భాషలో అడిగితే నీళ్లు దొరుకుతాయో వాళ్ల భాషే భాష అని నాలుగేళ్ల పిల్లకు దాహంతో నేర్పడాన్ని ఏ గ్రంథమూ బోధన అని పిలవదు. పిలిచే గ్రంథాలుంటే వాటితో పోట్లాడటానికి నేను సిద్ధం. రెండవది: అర్థమవుతున్నా అర్థం కానట్టు నటించడం అబద్ధమే. అది పిల్లల మేలు కోసం అంటావేమో. మేలు కోసమని చెప్పని అబద్ధం చరిత్రలో ఒక్కటి చూపించు.

ఇక మీ ప్రిన్సిపాల్ గారి అబద్ధం వేరే జాతిది. నీది తరగతి గది గోడల మధ్య ఉండే నాటకం, ఆమెది వ్యాపారం. రెంటికీ ఒకే ఏప్రన్ కట్టి తిరుగుతున్నది నువ్వు. నాకు చర్చ అనే జబ్బు అంటించిన మనిషివి నువ్వు. ఎనిమిదేళ్లప్పుడు నన్ను బల్ల ఎక్కించి, "ఎందుకో చెప్పు, అప్పుడే ఒప్పుకుంటాను" అన్నావు. అదే నిన్నిప్పుడు అడుగుతున్నాను. ఎందుకో చెప్పు.

విశ్వవిద్యాలయాల చర్చాపోటీలో తుది జట్టుకు నన్ను ఎంపిక చేశారు. అంశం వింటే నవ్వుతావు: "బడిలో ఇంటి భాషకు చోటు ఉండాలి." మేము సమర్థించే పక్షం. నీ ఉత్తరాలు నాకు ఉచిత సామగ్రి.

నాన్నకు నువ్వు బాగున్నావని చెప్పాను. "మొద్దు విద్యార్థి" అని కూడా చెప్పాను. చాలాసేపు నవ్వాడు.

ఒప్పందం ప్రకారం చివరిదాకా చదివిన,
నీ కోడలుపిల్ల

*

జులై 27

కోడలుపిల్లా,

నీ దాహం వాదన బాగుంది కానీ తరగతిలో పనికిరాదు. గ్లాసు చూపించినా నీళ్లిస్తాను. ఏడిస్తే ముందు నీళ్లు, తర్వాతే మాట. నువ్వు గ్రంథాలతో పోట్లాడు. ముక్కులు కారే ఇరవై ఇద్దరితో పోట్లాడటానికి నేను చాలు.

ఈ ఉత్తరం దాని గురించి కాదు. ఒక పిల్ల గురించి.

స్వెట్టర్ పై బొత్తాం ఎప్పుడూ నోట్లోనే ఉంటుంది కాబట్టి అందరూ బొత్తాం అనే పిలుస్తారు. నాలుగేళ్లు. బడిలో మాట్లాడదు. ఇంట్లో కూడా అవును, కాదు తప్ప మాట లేదని వాళ్లమ్మ వచ్చి ప్రిన్సిపాల్ దగ్గర బాధపడింది. నేను ఏప్రన్ కట్టుకునేటప్పుడు ఈ పిల్ల వెనక చేరి, నాడా కొస పట్టుకుని ముడి పడేదాకా ఉంటుంది. మొదటి వారం ఉత్తినే పట్టుకుంది. రెండో వారం నుంచి మాట్లాడుతోంది. మన భాషలో, గడగడా. వాళ్ల తాతయ్య పళ్లు గ్లాసులో నిద్రపోతాయట. అన్నయ్య చెప్పు ఒకటి తనే దాచిందట. ప్రిన్సిపాల్ గారి సెంటు వాసనకు కడుపులో తిప్పుతుందట.

నాకే ఎందుకు చెబుతుందో అర్థం చేసుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. నాకు అర్థం కాదని అనుకుంది కాబట్టి. గోడకు చెప్పుకున్నట్టు. అర్థమయ్యే మనుషులకు ఏదైనా చెబితే దాని మీద మళ్లీ ఏదో జరుగుతుంది: తిడతారు, నవ్వుతారు, ఇంకొకరికి చెబుతారు. నాకు చెబితే ఏమీ జరగదు. నేను "సీ, సీ" అని తలూపుతాను. అంతే. నీ రెండో అభ్యంతరానికి జవాబు ఇదే అనుకుని, నీ మీద గెలిచానని కూడా అనుకున్నాను.

మొన్న మంగళవారం నాడా పట్టుకుని ఇలా అంది:

"నిద్ర రాకపోతే చీపుళ్ల గదిలో పెడతారు. అక్కడ నేను ఊనో నుంచి దియెస్ దాకా అంటాను. దియెస్ అయిపోతుంది. తలుపు తియ్యరు. మళ్లీ ఊనో."

ఒకటి నుంచి పది దాకా నేను నేర్పిన పాట అది. నేను "సీ, సీ" అని తలూపాను. అలవాటు. ముడి పడింది. తను వెళ్లి తన చాప మీద కూర్చుంది.

ఈ సగం ఏడాదికి పది దాకానే నేర్పాలని పాఠ్య ప్రణాళికలో ఉంది. మర్నాడు నేను పదకొండు మొదలుపెట్టాను. శుక్రవారానికి ఇరవై దాకా నేర్పాను. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు.

ఇదంతా రాయకముందు నేను ఇంత నీచురాలినని నాకు తెలియదు. ఇప్పుడు తిట్టు.

చిన్నత్త

*

ఆగస్టు 4

చిన్నత్తకు,

తిట్టమన్నావు కాబట్టి తిట్టను. ప్రశ్నలు వేస్తాను.

చీకటి గదిలో కూర్చున్న పిల్లకు పది అంకెలు చాలడం లేదని తెలిసినప్పుడు మనిషి చేయవలసిన పని ఏమిటి? అంకెలు పెంచడమా, తలుపు తీయడమా? నువ్వు మంగళవారం విన్నావు. బుధవారం, గురువారం, శుక్రవారం తరగతికి వెళ్లావు. పదకొండు, పన్నెండు, పదమూడు. ఆ మూడు రోజుల్లో ఏ ఒక్క మధ్యాహ్నమైనా ఆ గది ముందు నిలబడ్డావా? నిలబడి ఉంటే రాసేదానివి. నువ్వు మంచి సంగతి దాచుకునే మనిషివి కాదు.

గ్రంథాలతో పోట్లాడమని నన్ను ఎద్దేవా చేశావు. సరే. కానీ ఏ గ్రంథమూ చదవని మనిషికి కూడా ఇది తెలుస్తుంది: నీ నాటకాన్ని ఆ పిల్ల నమ్మింది, నమ్మి సాక్ష్యం చెప్పింది, సాక్ష్యం విన్న ఏకైక మనిషి తనకు భాష రాదని తలూపింది.

రేపే ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లు. ఏప్రన్ విప్పి వెళ్లు. మన భాషలో మాట్లాడు. ఉద్యోగం పోతే పోనీ. ఉద్యోగం పోతుందని భయమా, లేక అబద్ధం బయటపడుతుందని సిగ్గా? రెంటిలో ఏదో తేల్చుకుని రాయి. నీ మీద గౌరవం ఏ మేరకు తగ్గించుకోవాలో నాకు తెలియాలి.

తుది పోటీ ఇరవై రెండు, శనివారం. పద్దెనిమిదిన జట్టుతో బయల్దేరుతున్నాను. ఆలోపు నీ జవాబు అందాలి.

నువ్వు బల్ల ఎక్కించిన పిల్ల

*

ఆగస్టు 12

కోడలుపిల్లా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి నిలబడి చదివాను, కోర్టులో ఉన్నట్టు.

నిలబడలేదన్నావు. ఆ గది ముందే కాదు, లోపలే కూర్చున్నాను. అది మెట్ల కింద గది. చీపుళ్లు, బకెట్లు, ఫినాయిల్ డబ్బాలు. సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక లోపలికి వెళ్లి తలుపు వేసుకుని ఇరవై దాకా లెక్కపెట్టాను. మళ్లీ మళ్లీ. ఎనిమిదోసారికి బయటికి వచ్చేశాను. నా వయసు ముప్ఫై ఆరు.

ఆయాతో మాట్లాడాను. నువ్వనుకుంటున్న రాక్షసి కాదు. ఇరవై ఇద్దరిని పడుకోబెట్టడానికి ఆవిడ ఒక్కతే. నిద్ర గదిలో కెమెరా ఉంది, తల్లిదండ్రులు ఆఫీసుల్లో కూర్చుని ఫోన్లో చూస్తారు. ఒక పిల్ల లేచి కూర్చుంటే పది మంది ఫోన్ చేస్తారట, మా వాడి నిద్ర చెడుతోందని. కెమెరాలో కూర్చున్న పిల్ల కనపడకూడదని ప్రిన్సిపాల్ గారి మాట. ఎక్కడ పెట్టాలో మాత్రం ఆమె చెప్పలేదు. కెమెరాకు కనపడని తలుపు ఆ వరండాలో ఒక్కటే ఉంది.

ఆయా చీపురు గోడకు ఆనించి నాతో అన్న మాట ఇది: "నాకు మాత్రం సరదానా అమ్మా? నీకు మాటలొచ్చని నేను ఎవరికన్నా చెప్పానా? ఈ గది ఊసు నువ్వూ ఎత్తకు."

బెదిరింపుగా అనలేదు. చేబదులు మాటలా అంది. అదే నన్ను కట్టిపడేసింది.

ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి నాకెలా తెలిసిందని చెప్పను? బొత్తాం చెప్పిందని చెప్పాలి. అప్పుడు బొత్తాంకు తెలుస్తుంది, నాకు మొదటి నుంచీ అన్నీ అర్థమవుతున్నాయని: తాతయ్య పళ్లు, అన్నయ్య చెప్పు, చీపుళ్ల గది, అన్నీ. ఆ పిల్లకు లోకంలో ఉన్న ఒక్క గోడ కూలిపోతుంది. నువ్వు దీన్ని సాకు అంటావు. సగం సాకే. మిగతా సగం మాత్రం నిజం, దాన్ని నీ తక్కెడలో ఎటు వేస్తావో నీ ఇష్టం.

నీకున్న నోరు నాకు ఉండి ఉంటే ఈపాటికి ఆ తలుపు ఊడి పడేది. నాకున్నది నా నోరే. దానితోనే ఏదో దారి వెతుకుతున్నాను. కొంచెం ఆగు.

గౌరవం ఎంత తగ్గించుకున్నావో రాయి. కొలత తెలిస్తే మంచిది.

చిన్నత్త

*

ఆగస్టు 19

కోడలుపిల్లా,

తొందరలో రాస్తున్నాను. దారి దొరికింది.

ప్రిన్సిపాల్ గారికి నిజం చెప్పలేదు. ఆమెకు పనికొచ్చేది చెప్పాను. మధ్యాహ్నం నిద్రపోని పిల్లలను నా గదికి పంపితే అదనంగా గంటసేపు స్పానిష్ చెబుతానన్నాను. ఒక కాగితం మీద స్పానిష్‌లో రాసి, పక్కన బొమ్మలు గీసి చూపించాను; గదిలో తల్లులున్నారు, వాళ్ల ముందు మూగదాన్ని కదా. ఆమె కళ్లు మెరిశాయి. దానికి పేరు కూడా అప్పటికప్పుడే పెట్టేసింది. కెమెరాలో కూర్చున్న పిల్లలుండరు, ఆయాకు ఫోన్లుండవు, చీపుళ్ల గదిలో చీపుళ్లే ఉంటాయి. ఈ సోమవారం, ఇరవై నాలుగు నుంచి మొదలు. బొత్తాంతో కలిపి అయిదుగురు.

ఇది గెలుపు కాదు, నాకు తెలుసు. ఎవరూ తప్పు ఒప్పుకోలేదు. కానీ తలుపు తెరుచుకుంది, పిల్లకు తెలియకుండా. నాకు కావలసింది అదే.

ఈ సంగతి ఎక్కడా ఎత్తకు. మీ నాన్న దగ్గర కూడా. సోమవారం గడిచాక తీరిగ్గా రాస్తాను.

పోటీలో బాగా మాట్లాడు. ఎదుటివాళ్లను వాక్యం పూర్తి చెయ్యనివ్వు.

చిన్నత్త

*

ఆగస్టు 23

చిన్నత్తకు,

గెలిచాం. కప్పు జట్టుది, ఉత్తమ వక్త పతకం నాది. ఇంకా హాస్టల్ చేరలేదు. పోటీ జరిగిన ఊరి అతిథిగృహంలో, తిరుగు ప్రయాణానికి ముందు రాస్తున్నాను. నీ పన్నెండో తారీఖు ఉత్తరం బయల్దేరే రోజు ఉదయమే అందింది.

ఎదుటి జట్టు గొప్పగా మాట్లాడింది. మెదడు శాస్త్రం, ప్రపంచ పౌరసత్వం, భవిష్యత్తు. మా వాదన నీరసపడుతోంది. చివరి వంతు నాది. నా ముందున్న కాగితాలు పక్కన పెట్టి, నీ పిల్ల కథ చెప్పాను. పసుపుపచ్చ ఏప్రన్, నాడా కొస, చీపుళ్ల గది. తర్వాత ఇలా ముగించాను:

"ఆ పిల్ల ఇంటి భాషలో తలుపు తియ్యమంది. ఇంటి భాషకు చోటు లేని బడిలో ఆ మాట ఎవరికీ వినపడలేదు. విన్న ఒక్క టీచరు ఏం చేసిందో తెలుసా? తలుపు తియ్యలేదు. పిల్లకు ఇరవై దాకా లెక్క నేర్పింది."

ఆ తర్వాత చప్పట్లు. న్యాయనిర్ణేతల్లో ఒకావిడ కళ్లద్దాలు తుడుచుకుంది.

నువ్వు నొచ్చుకుంటావేమో అని ఆలోచించాను. కానీ నువ్వే రాశావు: నీకున్న నోరు నాకు ఉంటే ఆ తలుపు ఊడి పడేదని. నా నోరు నీ కోసమే వాడాను. నీ ఊరు, బడి, వరస ఏదీ చెప్పలేదు. హాలులో ఎవరో తీసిన రెండు నిమిషాల వీడియో ఇప్పటికే చేతులు మారుతోంది. నీ సిగ్గు ఒక పిల్లకే కాదు, ఎందరికో పనికొచ్చింది. ఇక నువ్వు భయపడక్కర్లేదు. మాట బయటికి వచ్చాక దాన్ని ఏ గదిలోనూ పెట్టలేరు.

గర్వంతో,
నీ కోడలుపిల్ల

*

సెప్టెంబరు 5

పందొమ్మిదిన నేను రాసిన ఉత్తరం నీ హాస్టల్ గది తలుపు కింద పడి ఉంటుంది. ముందు అది చదివి, తర్వాత ఇది చదువు.

చదివావా?

సోమవారం మధ్యాహ్నం అయిదుగురూ నా గదికి వచ్చారు. గంటసేపు బంతి దొర్లించుకుంటూ రంగుల పేర్లు చెప్పుకున్నాం. బొత్తాం నోట్లోంచి బొత్తాం తీసి "రోహో" అంది, బంతి ఎర్రగా ఉందని. అందరూ వినేలా తను అన్న మొదటి మాట. ఆ ఒక్క మధ్యాహ్నం జరిగింది.

మంగళవారం ఉదయానికి నీ వీడియో గేటు దగ్గరికి వచ్చింది. ఊరు చెప్పలేదు, బడి చెప్పలేదు అన్నావు. ఆ పసుపుపచ్చ ఏప్రన్ బడి కరపత్రం అట్ట మీద ఉంది, లోపల నేనున్నాను. తల్లులు నన్ను చుట్టుముట్టారు. ఒకావిడ, నా చీర గురించి మాట్లాడే ఆవిడే, మన భాషలో అడిగింది, "మీకు మేము మాట్లాడేది అర్థమవుతుందా?" అని.

"అవుతుందండి" అన్నాను. రెండు నెలల్లో ఆ గేటు దగ్గర నా మొదటి మాట.

ఆ మధ్యాహ్నం ఆయాను తీసేశారు. పోతూ నా వైపు చూసి, నువ్వు మాట తప్పావని కూడా అనలేదు. బడి వాళ్లిచ్చిన చెప్పులు విప్పి మెట్ల మీద పెట్టి, సంచీలోంచి తనవి తీసి వేసుకుని వెళ్లింది. మర్నాడు నన్ను తీసేశారు. కారణం: భాష వచ్చి కూడా రాదని తల్లిదండ్రులను మోసగించడం. అదనపు గంట రద్దయింది. చీపుళ్ల గదికి నీలం రంగు వేయించి, లోపల కాగితం నక్షత్రాలు అతికించి, తలుపు మీద "ప్రశాంత మందిరం" అని బోర్డు పెట్టారు. తలుపు తలుపే. గడియ గడియే.

ఆ పిల్ల ఎవరని తల్లిదండ్రులు ఒక్కొక్కళ్లూ తమ పిల్లలను అడిగారు. బొత్తాం తల్లి పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, అందరి ముందూ నాకు ఎదురుగా నిలబెట్టింది. కోపంతో కాదు, పాపం, పిల్లకు ధైర్యం చెబుదామని.

"ఈవిడకేనా చెప్పుకున్నావు, తల్లీ? ఈవిడకు అంతా అర్థమవుతుంది. నువ్వు చెప్పినవన్నీ ఈవిడకు తెలుసు."

బొత్తాం నన్ను చూసింది. నోట్లోంచి స్వెట్టర్ బొత్తాం తీసింది. ఏదో అంటుందనుకున్నాను. మళ్లీ నోట్లో పెట్టుకుంది.

నీ పతకం అందంగా ఉందని మీ నాన్న చెప్పాడు.

చిన్నత్త

*

సెప్టెంబరు 13

చిన్నత్తకు,

ఇది క్షమాపణ కాదని మొదటే చెబుతున్నాను. క్షమాపణ అడిగితే వాదన వదిలేసినట్టు; వదిలేయదగిన వాదన కాదిది.

ఆ మంగళవారానికీ నీకు దారి దొరికిన రోజుకూ మధ్య నాలుగు వారాలున్నాయి. ఆ నాలుగు వారాల్లో పిల్ల ఆ గదిలోకి ఎన్నిసార్లు వెళ్లిందో నువ్వు ఏ ఉత్తరంలోనూ రాయలేదు, నేను అడగలేదు కూడా. ఆయా తల వంచుకు పోయింది. ప్రిన్సిపాల్ తల ఎత్తుకుని ఉంది. అది నా ప్రసంగం చేసిన అన్యాయమా, లేక నా ప్రసంగానికి ముందు నుంచీ ఆ బడి నడుస్తున్న తీరా? నీ దారిలో ప్రిన్సిపాల్ కరపత్రంలో ఇంకో పేజీ పెరిగేది, అంతే. అయిదుగురు పిల్లలు దయాధర్మం మీద బయటపడేవాళ్లు. ఆరో పిల్ల ఎవరైనా వస్తే ఆ దయ చాలేదా? "నీకున్న నోరు" అన్నది నువ్వు. "ఎక్కడా ఎత్తకు" అన్న మాట నాకు అందేసరికి నేను ఎత్తేశాను. తపాలా ఆలస్యానికి నన్ను దోషిని చేయకు.

ఇంతవరకు రాసి, మొన్న ఆపేశాను. ఇవాళ మళ్లీ కూర్చున్నాను.

వీడియో చూశాను. అంతకుముందు చూడలేదు, నమ్ము. అందులో ఒక చోట "ఏం చేసిందో తెలుసా?" అని ఆగుతాను. హాలంతా ముందుకు వంగుతుంది. అప్పుడు "ఇరవై దాకా" అంటాను. ఆ ఆగడం అప్పటికప్పుడు వచ్చింది కాదు. ముందురోజు అతిథిగృహం అద్దం ముందు నిలబడి నాలుగుసార్లు సాధన చేశాను. మూడు లెక్కపెట్టేంతసేపు ఆగితే సరిపోతుందని తేల్చుకున్నాను. మనసులో లెక్కపెట్టుకున్నాను. ఒకటి, రెండు, మూడు.

ఆ పిల్లా లెక్కపెట్టింది, నేనూ.

నా వాదన తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. ఆ పిల్ల ఎలా ఉందో రాయి. వాదించను. చివరిదాకా చదువుతాను.

నీ కోడలుపిల్ల

*

అక్టోబరు 20

కోడలుపిల్లా,

ఆలస్యమైంది. ఇప్పుడు ఇంట్లో కూర్చుని మిషన్లతో వచ్చే పుస్తకాలను స్పానిష్ నుంచి మన భాషలోకి మారుస్తున్నాను. మరను శుభ్రం చేసేముందు కరెంటు తీసేయవలెను. ఇలాంటివి. తలూపాల్సిన అవసరం లేని పని.

నీ వాదనలో తప్పేమీ దొరకలేదు. వెతికాను. ఆరో పిల్ల సంగతి నాకు జవాబు లేనిది. నువ్వు చెప్పింది నిజమే, నేను చేసింది నీచమే, ఆ రెండూ ఒప్పుకున్నాక కూడా నీ మీద కోపం పోలేదు. నీకు దాన్ని నిరూపించలేను కనుక అలాగే ఉంచుకున్నాను.

ఆ ప్రిన్సిపాల్ ఎవరో కొత్త ఆవిడను తెచ్చిందట స్పానిష్‌కు. ఈసారి నిజంగానే మన భాష రాదట. కరపత్రంలో అదే పెద్ద అక్షరాల్లో ఉంది.

బొత్తాం సంగతి అడిగావు. ఆ బడి మాన్పించారు. మొన్న గురువారం తపాలా ఆఫీసులో కనిపించింది. క్యూలో నా ముందు వాళ్లమ్మ, అమ్మ కొంగు పట్టుకుని తను. బొత్తాం కుట్టించినట్టున్నారు, కొత్తది, రంగు వేరు. నోట్లోనే ఉంది.

తల్లి నన్ను గుర్తుపట్టి కాసేపు మొహం తిప్పుకుంది. తర్వాత ఆగలేక చెప్పింది. పిల్ల ఇప్పుడు మాట్లాడుతోందట. బాగానే, రోజంతా. కానీ ఇంట్లో అందరితో స్పానిష్‌లోనే. తనకు వచ్చిన ఆ వంద మాటలతోనే, తిప్పి తిప్పి, చేతులాడిస్తూ. అన్నం దగ్గర, స్నానం దగ్గర, తాతయ్య దగ్గర. మన భాషలో అడిగితే కళ్లార్పుతూ నిలబడుతుందట. ఆ తల్లికి ఇది అర్థం కావడం లేదు. నాకు వెంటనే అర్థమైంది. మన భాషలో చెబితే ఏమవుతుందో తనకు తెలిసింది. ఇంట్లో ఎవరికీ అర్థం కాని భాష ఇక ఒక్కటే మిగిలింది.

మేము మాట్లాడుతుండగా బొత్తాం నా సంచీ పట్టీ కొస పట్టుకుంది. ఏప్రన్ నాడా పట్టుకున్నట్టే. పట్టుకుని ఒక వాక్యం చెప్పింది. తప్పులున్నాయి కానీ నిండు వాక్యం. ప్రతి మాటా నాకు తెలిసింది.

"ఇదిగో, ఇట్లాగే," అంది వాళ్లమ్మ. "మాతో ఒక్క మాట లేదు. అన్నీ మీ మాటలే. మీకు తెలుస్తుంది కదా, ఏమందో చెప్పండి."

బొత్తాం నా మొహం చూస్తోంది.

"నాకు అర్థం కాలేదండి," అన్నాను. మన భాషలో, స్పష్టంగా, పిల్లకు వినపడేలా.

తల్లి నన్ను చూసిన చూపు నాకు దక్కవలసిందే. కిటికీ దగ్గర ఆమె వంతు వచ్చింది, వెళ్లిపోయింది. పిల్ల పట్టీ వదల్లేదు. నోట్లోంచి బొత్తాం తీసి, రెండో వాక్యం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఇంకోటి. నేను తలూపాను. కిటికీ దగ్గర వాళ్లమ్మ పని తెమిలేదాకా చెబుతూనే ఉంది.

ఆపదలో ఉన్న పిల్ల మాటలు కావు అవి. అలాంటిదేదైనా ఉండి ఉంటే ఈసారి ఆ కిటికీ దగ్గరే అరిచేదాన్ని, అంతమాత్రం నమ్ము.

ఏమందో మాత్రం నీకు రాయను.

చిన్నత్త